అంకెలు పాటయ్యే చోటు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పరచుకున్న కొల్లేరు పక్షులకు విడిది మాత్రమే కాదు. వానకాలంలో బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు ఉద్ధృతంగా మోసుకువచ్చే వరదను అది తన కడుపులో దాచుకుంటుంది. ఆపైన ఉప్పుటేరు గుండా నెమ్మదిగా బంగాళాఖాతానికి సాగనంపుతుంది. ఎగువన విరుచుకుపడిన నీరు దిగువకు నిలకడగా చేరుతుంది. పాట వినిపించే చిన్న విద్యుత్ వలయంలోనూ ఇదే సూత్రం ఉందంటే ఆశ్చర్యం కలుగుతుంది.

ధ్వని గాలిలో అలగా ప్రయాణిస్తుంది. ఆ అల ఎత్తును క్షణక్షణమూ కొలిచి అంకెలుగా భద్రపరచడమే డిజిటల్ పద్ధతి. 1982లో విపణిలోకి వచ్చిన కాంపాక్ట్ డిస్కులో ఒక్కొక్క చానెల్‌కు సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. ప్రతి కొలతా 65,536 మెట్లలో ఏదో ఒకదానిపై నిలుస్తుంది. చెవి పట్టించుకోని వివరాలను విడిచి, ఈ సమాచారాన్ని కుదించేది ఎంపీ3 పద్ధతి. డీకోడర్ చిప్ ఆ మూటను విప్పి తిరిగి కొలతల వరుసగా మారుస్తుంది. ఆ వరుసను వోల్టేజీగా మార్చే పరికరం కూడా అనేక చిప్పులలో ఇమిడి ఉంటుంది. అక్కడితో అంకెల పని ముగుస్తుంది. కాని పాట ఇంకా చెవికి చేరలేదు.

చిప్ నుండి వెలువడే వోల్టేజీలో పాటతోపాటు అనవసరమైన రొద కూడా ఉంటుంది. మనిషి చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలను వినగలదు. ఆ పరిమితికి పైనున్న రొదను అణచడానికి ఒక నిరోధం, ఒక కెపాసిటర్ చాలును. నిరోధం ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. కెపాసిటర్ వేగవంతమైన హెచ్చుతగ్గులను తనలో ఇముడ్చుకుంటుంది. కొల్లేరు చేసే పని అదే. అయితే ఇముడ్చుకోవడానికి చోటు ఉండాలి. చేపల చెరువుల గట్లు సరస్సును ఆక్రమించగా, 2006లో ప్రభుత్వం అనేక గట్లను తొలగించవలసి వచ్చింది. ఇక్కడి కెపాసిటర్ విలువ మరీ తక్కువైనా రొద దాటిపోతుంది. మరీ ఎక్కువైతే పాటలోని పై స్వరాలు కూడా మునిగిపోతాయి.

గ్రౌండ్ తీగల అమరికలోనూ జాగ్రత్త అవసరం. డెల్టా రైతు పంట కాలువను, మురుగు కాలువను కలవనీయడు. అలాగే అంకెల భాగంలో ఎగసిపడే విద్యుత్తు, పాట నడిచే సున్నితమైన దారిలోకి రాకుండా చూడాలి. లేకుంటే పాట వెనుక సన్నని కూత వినిపిస్తూనే ఉంటుంది.

ఇక మిగిలినది ఒక చిక్కు. 3.3 వోల్టులతో పనిచేసే చిప్పులో పాట తరచుగా సున్నాకు ఇరువైపులా కాక, సుమారు 1.65 వోల్టులకు ఇరువైపులా ఊగుతుంది. నీటిమట్టం మీద అల కదిలినట్లు స్థిరమైన వోల్టేజీ మీద పాట కదులుతుంది. చెవికి కావలసినది అలే గాని మట్టం కాదు. దారికి అడ్డంగా ఉంచిన మరొక కెపాసిటర్ మట్టాన్ని ఆపి, అలను మాత్రమే దాటనిస్తుంది.

తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో చదివే కొల్లేటి లంక గ్రామపు విద్యార్థి ఒకడున్నాడనుకుందాం. కీర్తిశేషురాలైన నాయనమ్మ పాడిన దంపుళ్ళ పాట పాత క్యాసెట్టులో మిగిలింది. దానిని ఎంపీ3గా మార్చి, తాతయ్య ఇయర్‌ఫోనులో వినేందుకు అతడొక చిన్న ప్లేయరు తయారుచేశాడు. తాతయ్య కాసేపు విని, "పాట ఉంది గాని రోకటి పోటు లేదేమిరా?" అన్నాడు.

తప్పు చిప్పుది కాదు. అతడు అనుసరించిన పటం యాంప్లిఫయరు కోసం గీసినది. అందులోని కెపాసిటర్ విలువ 10 మైక్రోఫారడ్లు. 10,000 ఓముల యాంప్లిఫయరుకు అది చాలును, 1.6 హెర్ట్జ్ వద్ద గాని కోత మొదలుకాదు. కాని ఇయర్‌ఫోను నిరోధం 32 ఓములే. ఆ హద్దు, నిరోధ ధారిత్వాల లబ్ధానికి విలోమానుపాతంలో ఉంటుంది. అందువల్ల అది 500 హెర్ట్జ్ దాకా ఎగబాకింది. 100 హెర్ట్జ్ దరిదాపుల్లో ఉండే రోకటి పోటు ఐదో వంతుకు పడిపోయింది. నాయనమ్మ గొంతులోని నిండుదనమూ సన్నగిల్లింది. విద్యార్థి లెక్క వేసి, 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అతికించాడు. హద్దు 23 హెర్ట్జ్‌కు దిగింది. తాతయ్య మళ్ళీ విన్నాడు. ఈసారి ఆయన ఏమీ అనలేదు. మడిచిన మోకాలిపై వేళ్ళు మాత్రం పోటుకు తగినట్లు కదిలాయి.

చిప్పులు ఎక్కడో దూరదేశాలలో తయారుకావచ్చు. వాటి లోపలి లెక్కలను మార్చడం విద్యార్థికి సాధ్యం కాకపోవచ్చు. కాని ఆ చిప్పుకూ ఒక మనిషి చెవికీ నడుమనున్న రెండంగుళాల దారిని నిర్మించే బాధ్యత అతడిదే. పుస్తకంలోని పటాన్ని దించడంతో ఆ బాధ్యత తీరదు. వినేది ఎవరు, దేనితో వింటున్నారు అని అడిగి లెక్క వేసినప్పుడే అంకెలు పాటవుతాయి.