వస్తే, వచ్చుంటే

హోసూరు తాలూకా పిల్లలకు ముప్పయ్యేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. వాళ్ళను అన్నిటికన్నా తిప్పలు పెట్టేది 'ఇఫ్'.

మనం షరతును క్రియ చివర తగిలిస్తాం: వస్తే. తమిళంలో వందాల్, కన్నడంలో బందరె. మా పిల్లలకు వీధిలో వినిపించే మూడు భాషల్లోనూ పద్ధతి ఒకటే. ఇంగ్లీషులో ఆ మాట ముందే రావాలి. మరాఠీలో జర్, ఒడియాలో జది ఉన్నాయి కనుక సోలాపూరు, బరంపురం పిల్లలకు ఇది అంత కొత్త కాదేమో, అక్కడి పాఠకులే చెప్పాలి.

ఒకసారి ఒక కుర్రవాడు 'ఇఫ్ ఉగాది కమ్స్, వి విల్ ఈట్ ఒబ్బట్టు' అని రాశాడు. ఉగాది రావడంలో అనుమానమేముంది? అక్కడ 'వెన్' ఉండాలి. మన 'వస్తే' వానకూ పండక్కూ ఒకటే మరి.

నాకు ఇష్టమైన పాఠం జరగనిదాన్ని చెప్పడం. 'నువ్వు వచ్చుంటే ఇచ్చేదాన్ని' అంటుంది అమ్మ. వాడు రాలేదు, ఆమె ఇవ్వలేదు. అయినా 'లేదు' అన్న మాట వాక్యంలో ఎక్కడా లేదు! 'రోజూ వాడికి పాలు ఇచ్చేదాన్ని' అని పాత అలవాటు చెప్పేదీ ఈ రూపంతోనే. ఇంగ్లీషు 'వుడ్' కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. ఈ పోలిక చూపిస్తే పిల్లలకు సగం భయం పోతుంది. ఇక గుర్తుంచుకోవలసింది ఒకటే: 'హాడ్' ఇఫ్ ఉన్న సగంలో, 'వుడ్ హావ్' రెండో సగంలో.

2006లో తమిళనాట తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి పాకింది. తమిళం నేర్వడం మీద నాకు పేచీ లేదు. దాని పక్కన తెలుగుకు చోటు ఇరుకైంది, అంతే.

ఈమధ్య ట్యూషన్ పిల్లలను జరగని సంగతి ఒకటి సొంతంగా రాయమన్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి, ఇంట్లో తెలుగే గాని అక్షరం రాదు, ఇలా రాసింది: 'ఇఫ్ ఐ హాడ్ లర్న్‌డ్ తెలుగు, ఐ వుడ్ హావ్ రెడ్ అవ్వాస్ లెటర్స్.' తప్పు పట్టడానికి లేదు.

"అవ్వ ఉందామ్మా?"

"లేదు సార్. పోయినేడు పోయింది."

"ఉత్తరాలు?"

"ఉండాయి సార్, ట్రంకులో."

"ఉత్తరాలుంటే హాడ్ ఎందుకు? 'ఇఫ్ ఐ లర్న్, ఐ విల్ రీడ్' అని రాయొచ్చు గదా."

ఆ అమ్మాయి వాక్యం కొట్టెయ్యలేదు. కాసేపు ఊరుకుని, "ఎన్నాళ్ళు పడుతుంది సార్?" అంది.

ఇప్పుడు గుణింతాల్లో ఉంది. అవ్వది గొలుసుకట్టు రాత, అచ్చు అక్షరాలు వస్తే చాలదు. ఇంకో ఆర్నెల్లయినా పడుతుంది.