వేగమూ – సమతాస్థితీ

ఇనుము తుప్పు పట్టడానికి నెలలు పడుతుంది. బాణసంచా మందు క్షణంలో భగ్గుమంటుంది. రెండూ రసాయన చర్యలే. మరి ఈ తారతమ్యానికి కారణమేమి? అణువులు పరస్పరం ఢీకొన్నప్పుడే చర్య జరుగుతుంది. అయితే ప్రతి తాకిడీ ఫలించదు. చాలినంత శక్తితో, తగిన దిశలో ఢీకొన్నవే క్రొత్త పదార్థాన్నిస్తాయి.

ప్రయోగశాలలో మేము చలువరాతి ముక్కపై హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసినప్పుడు బుడగలు మెల్లగా వచ్చాయి. అదే రాతిని పొడి చేసి వేయగా ఒక్కసారిగా పొంగింది. తాకిడికి అందే తలం విస్తరించడమే దీనికి కారణం. ఆమ్లం గాఢతను పెంచినా, వేడి చేసినా వేగం హెచ్చుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ వేస్తే ఆక్సిజన్ త్వరత్వరగా వెలువడుతుంది. ఆ నల్లని పొడి మాత్రం తూకం తగ్గకుండా మిగులుతుంది. అదే ఉత్ప్రేరకం.

ఇంతవరకు చర్య ఒకే దిశలో సాగుతుందనుకున్నాము. కాని 1798లో నెపోలియన్‌తో ఈజిప్టు వెళ్ళిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తొలె, అచ్చటి ఉప్పు సరస్సుల ఒడ్డున సోడా పేరుకొని ఉండడం గమనించాడు. ప్రయోగశాలలో సోడా, కాల్షియం క్లోరైడు కలిసి సున్నపురాయిని, ఉప్పును ఇస్తాయి. అచ్చట ఉప్పు అపారంగా ఉండడంవల్ల అదే చర్య వెనుకకు నడిచింది. ఇట్టి వాటినే ద్విగత చర్యలంటారు. మూసిన పాత్రలో పురోగామి, తిరోగామి చర్యల వేగాలు సమానమైనప్పుడు మార్పు ఆగినట్లు కనిపిస్తుంది. నిజానికి రెండూ సాగుతూనే ఉంటాయి. దీనిని మేము తెలుగులో సమతాస్థితి అంటాము. మా ఉర్దూ మిత్రులు తవాజున్ అంటారు. రెండు మాటలలోనూ ఉన్నది తూకమే. ఆ తూకాన్ని కదలిస్తే, కదలికను తగ్గించే దిశకే చర్య మొగ్గుతుందని 1884లో లె షాట్లియర్ సూత్రీకరించాడు.

వేగం వేరు, లాభం వేరు అని అమోనియా తయారీలో స్పష్టంగా తెలుస్తుంది. నైట్రోజన్ ఒక పాలు, హైడ్రోజన్ మూడు పాళ్ళు కలిసి అమోనియా అవుతుంది, వేడి వెలువడుతుంది. కనుక ఉష్ణోగ్రత పెంచితే వేగం పెరుగుతుంది, కాని చేతికి వచ్చే అమోనియా పాలు తగ్గుతుంది. చల్లబరిస్తే పాలు పెరుగుతుంది, కాని చర్య దాదాపు కదలదు. 1909లో హేబర్ ఈ చిక్కును విప్పే మార్గం చూపాడు. బాష్ దానిని పరిశ్రమగా మలచగా, 1913లో జర్మనీలోని ఒప్పౌలో కర్మాగారం వెలిసింది. సుమారు 400 నుండి 500 డిగ్రీల సెంటీగ్రేడు వేడి, రమారమి 200 వాతావరణాల పీడనం, ఇనుప ఉత్ప్రేరకం – ఇదీ రాజీమార్గం. ఉత్ప్రేరకం సమతాస్థితిని మార్చదు; రెండు దిశలనూ సమానంగా త్వరపరచి అచ్చటికి త్వరగా చేరుస్తుంది. ఏర్పడిన అమోనియాను చల్లార్చి ద్రవంగా తొలగిస్తూ, మిగిలిన వాయువులను తిరిగి లోపలికి పంపుతారు.

మాలో చాలామందిమి సేద్యపు కుటుంబాలనుండి వచ్చినవారము. మా ఇండ్ల వసారాలలోని యూరియా బస్తా ఈ తూకంనుండి వచ్చినదే. రామగుండంలో 1980లో బొగ్గుతో ఆరంభమైన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, 2021లో సహజవాయువుతో మళ్ళీ ఉత్పత్తికి వచ్చింది. అయితే మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే అమోనియా జర్మనీకి ప్రేలుడు పదార్థాలను సమకూర్చింది. 1915 ఏప్రిల్ 22న ఈప్రే వద్ద క్లోరిన్ విషవాయువును వదిలించినవాడూ హేబరే. పైరుకు ప్రాణమిచ్చిన మేధస్సే ప్రాణాలను తీసింది.

అమోనియా విడిపోయి మళ్ళీ నైట్రోజన్, హైడ్రోజన్ కాగలదు. యుద్ధంలో పోయిన ప్రాణం తిరిగి రాదు. ఏ చర్య ద్విగతమో, ఏది కాదో ముందే ఎరిగి త్వరపడడం విజ్ఞానం నేర్చే మా అందరి విధి. పరీక్షాపత్రంలో ఈ ప్రశ్న రాకపోవచ్చును గాని, జీవితంలో రాక తప్పదు.