ఉద్దానంలో ఒక గది

ఇల్లు చూచి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఈ సామెతను తరగతి గదిలో మేము ఎన్ని మారులు ఉదాహరించి ఉంటామో లెక్క లేదు. ఇంటి తీరును బట్టి మనిషి తీరు తెలియవచ్చునని విద్యార్థులకు వివరించాము. పరీక్షలో అడిగి మార్కులు సైతం వేశాము. అయితే ఇంటికి ఆ తీరు ఎట్లు కలుగుతుందో, దానిని కల్పించుటకు ఒక మనిషి ఎంత తిరుగవలసి ఉంటుందో, ఎవరెవరి ఎదుట తల వంచవలసి ఉంటుందో మేము ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచించకపోవుటే గాక, ఆ వృత్తిని గూర్చి ఒకసారి తొందరపడి ఒక మాట అన్నాము కూడా. ఈ నాలుగు పుటలూ ఆ మాట మూలంగా వ్రాస్తున్నవే.

మా వద్ద డిగ్రీలో తెలుగు చదివిన ఒక విద్యార్థిని, పిమ్మట విశాఖపట్నంలో గృహాలంకరణ విద్య నేర్చుకొని అక్కడే ఒక సంస్థలో ఇంటీరియర్ డిజైనరుగా కుదురుకొన్నది. ఆమెది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటి ఆ ప్రాంతాన్ని అతలాకుతలం చేసినది. ఆ తరువాత కొన్నాళ్ళకు, ఉద్యోగం మానుకొని ఊరికి పోతున్నానని చెప్పుటకు ఆమె మా ఇంటికి వచ్చింది.

"అలంకారమన్నది కడుపు నిండిన వారి ముచ్చట గదా అమ్మా! ఇళ్ళే కూలిన చోటికి వెళ్ళి నీవు ఏమి అలంకరిస్తావు?" అన్నాము.

ఆమె తేనీరు త్రాగి, గ్లాసు క్రింద పెట్టి, "చూస్తాను మాస్టారూ" అని మాత్రం అన్నది. ఆమె వెళ్ళిన పిమ్మట మా శ్రీమతి ఆ సాయంత్రమంతా మాతో సరిగా మాట్లాడలేదు.

గడచిన సంక్రాంతికి ముందు ఆమె నుండి ఫోను వచ్చింది. "మా ఊళ్ళో ఒక గది చేశాను మాస్టారూ. మీరు వచ్చి చూడాలి" అన్నది. రెండు రోజుల సెలవు చూచుకొని పలాసలో రైలు దిగాము.

పలాస, కాశీబుగ్గ పేరుకు రెండు ఊళ్ళే గాని, ఒకటి ఎక్కడ ముగిసి రెండవది ఎక్కడ మొదలైనదో క్రొత్తవారు చెప్పలేరు. జీడిగింజల వేడి వాసన మాత్రం రెండింటికీ ఉమ్మడి ఆస్తి. ఉదయం ఏడు గంటలకే ఆమె తన బండి మీద బయలుదేరుతుంది. సంచిలో కొలత టేపు, రంగుల పట్టీ, పెన్సిలు, చమట మరకలు పడిన ఒక నోటుపుస్తకం. ముందుగా వడ్రంగి వద్దకు, అటు పిమ్మట తాపీమేస్త్రి వద్దకు, ఆ తరువాత ఇంటి యజమాని నిద్ర లేచే వేళకు అతని గుమ్మం ముందుకు. అందమైన ఊహలు మధ్యాహ్నం పైన తీరిక దొరికినప్పుడట. ఉదయమంతా రాని పనివారి కొరకు ఎదురుచూచుటే సరిపోతుంది.

"విశాఖలో నేర్చుకొన్న దానిలో సగం ఇక్కడ పనికిరాలేదు మాస్టారూ" అని నవ్వింది. సముద్రం వైపు ఊళ్ళలో ఇనుప బందులు త్వరగా తుప్పు పడతాయి. చవక రకం ప్లైవుడ్ తేమకు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోతుంది. ప్లాస్టరు పైకప్పు మీద వాన కారితే వచ్చే పసుపు మరక ఎన్ని రంగులు వేసినా మరల తొంగి చూస్తుంది. కావున అలమరకు ఇత్తడి బందులా, స్టీలువా అన్న మాటే ఆ తీరాన పెద్ద చర్చ.

ఆనాడు ఆమె వెంట ఒక జీడిపప్పు వర్తకుని ఇంటికి వెళ్ళాము. హైదరాబాదులో బంధువుల ఇంట చూచిన పైకప్పు వంటిది తనకూ కావలెనని, దానికి బంగారు రంగు అంచు ఉండవలెనని ఆయన పట్టుదల. ఈమె ఆ అంచు సన్నగా ఉండవలెనని చెప్పబోయి, ఒక గంట వాదించి, చివరకు ఒప్పుకొన్నది. బయటకు వచ్చి, "వారి డబ్బుతోనే నా బండికి పెట్రోలు, మా ఇంటికి మందులు" అన్నది. మాకు ఆ బంగారు అంచు నచ్చలేదు. ఆమెకూ నచ్చలేదని ముఖమే చెప్పింది. అయినా వెనుకకు వెళ్ళి, దీపాలు కంటికి గుచ్చకుండా అంచు లోపలికి అమర్చే ఉపాయం ఒకటి మేస్త్రికి బొమ్మ వేసి చూపి వచ్చింది.

నీకు రంగుల జ్ఞానం ఎక్కడ అబ్బినదని అడిగాము. ఏ గ్రంథం పేరో, ఏ చిత్రకారుని పేరో చెప్పుతుందని మా ఆశ. "అమ్మ దగ్గర" అన్నది. ఆమె తల్లి చాలా ఏళ్ళు జీడిపప్పు కర్మాగారంలో పనిచేసింది. గింజ కొట్టే చోట పెంకులోని రసం తగిలి వేళ్ళు కాలి నల్లబడతాయి. అక్కడ నుండి ఆమెను గ్రేడింగుకు మార్చారట. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. గుండులో మరల తెల్లనిది, కాక తగిలి ఎఱ్ఱబారినది, మచ్చ పడినది. ఆ వ్యాపారంలో తెల్ల గుండ్లను డబ్ల్యు 210, 240, 320 అని పిలుస్తారు; ఒక పౌను తూకానికి ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె చెప్పుతుంది. అంకె చదువరాని స్త్రీలు సైతం చూపుతోనే ఏరివేస్తారు. బడి లేని రోజున తల్లి ప్రక్కన కూర్చున్న పిల్లకు తెలుపులో ఇన్ని తెలుపులున్నవని ఆనాడే తెలిసింది. రంగుల పట్టీలో ఒక దానికొకటి దగ్గరగా ఉండే తెలుపులను ఆమె చూడగానే విడదీయుట మేము స్వయంగా చూచాము. మాకు అన్నీ ఒక్కటిగానే కనిపించాయి.

మరునాడు టెక్కలి వెళ్ళాము. ఆ పరిసరాల నీలి గ్రానైటు దేశాంతరాలకు పోతుంది. పెద్ద పలకలు మన వంటివారికి అందవు. కోతలో మిగిలిన తునకల కొరకు ఆమె పాలిషింగు కర్మాగారాల వెనుక తిరుగుతుంది. నీటితో తడిపి, ఎండకు ఏటవాలుగా పట్టి, అందులోని చార ఏ దిక్కుకు పోతున్నదో చూచి ప్రక్కన పెట్టుకొంటుంది. వంటగది గట్టుకు, గుమ్మానికి, చేతులు కడుగుకొనే చోటికి ఆ తునకలే.

తిరుగు దారిలో రావివలస వద్ద ఆగాము. అక్కడి ఎండల మల్లికార్జునస్వామికి పైకప్పు లేదు. ఆ మహాలింగం ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఆరుబయట ఉంటుంది. పేరే అట్లు వచ్చినది. మేము దూరాన చెట్టు నీడన నిలిచి చూచాము. "పని ఎక్కువై తల తిరిగినప్పుడు ఇక్కడికి వస్తాను మాస్టారూ. ఇక్కడ నేను చేయవలసిన సీలింగు లేదు" అన్నది. భక్తితో అన్నదో, హాస్యానికి అన్నదో మాకు తెలియలేదు.

సాయంత్రానికి ఉద్దానంలో ప్రవేశించాము. ఉద్యానవనమన్న మాటే ఉద్దానమైనదని ఆ ప్రాంతంవారు చెప్పుకొంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసినట్లు నిలిచే తోటలు. తిత్లీ వాటిని వేళ్ళతో పెకలించింది. కొబ్బరి మొక్క కాపుకు రావలెనంటే ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళు కుటుంబం ఏమి తినవలెనన్నది వేరే ప్రశ్న. పడిన పనసచెట్లను వంటచెరకు ధరకు అమ్ముకొంటుంటే ఈమె ఊరూరా తిరిగి, తన విశాఖ జీతంలో మిగిలిన డబ్బుతో కొన్ని దుంగలు కొని కోయించి నీడన ఆరబెట్టింది. పనస కలప కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి, ఏళ్ళు గడచిన కొద్దీ గోధుమ వన్నెకు తిరుగుతుంది. బొబ్బిలి వీణ పుట్టేది ఈ చెక్క నుండే.

ఆమె నోటుపుస్తకంలో చుట్టిల్లు బొమ్మలు చాలా ఉన్నవి. ఉత్తరాంధ్ర తీరాన వెనుకటివారు కట్టుకొన్న గుండ్రని మట్టి ఇల్లు అది. తాటాకు చూరు నేలకు దగ్గరగా దిగి ఉంటుంది. తుపాను గాలికి ఎదురు నిలిచే మూల ఉండదు కావున గాలి ప్రక్కలకు జారిపోతుంది. లోపల చీకటి, చల్లదనం, పైన అటక. ఆ ఇళ్ళు ఇప్పుడు అరుదైనవి. గుండ్రని గోడకు బీరువా ఆనదు గదా, అదీ ఒక కారణమేనని ఆమె అన్నది.

ఇక ఆ గది సంగతి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను కూల్చినదో పాఠకులు ఎరుగుదురు. ఎన్నో పరిశోధనలు జరిగినా దానికి కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. ఆ ఇళ్ళలో ఈమె ఇల్లూ ఒకటి. తల్లికి ఇంటి వద్దనే పొట్ట ద్వారా చేసుకొనే డయాలసిస్ ఏర్పాటు చేశారు. రోజుకు 4 మారులు, ముందున్న ద్రవం బయటకు దింపి, మారుకు రెండేసి లీటర్ల ద్రవం లోపలికి ఎక్కించవలెను. నెలకు 120 సంచులు. ఆ అరగంటా తలుపులు, కిటికీలు మూయవలెను, పంకా ఆపవలెను, చేతులు శుభ్రంగా కడుగుకొనవలెను, ముఖానికి గుడ్డ కట్టుకొనవలెను. ధూళి చేరితే పొట్టలో చీము పట్టే ప్రమాదం ఉన్నది.

కూతురు గది సిద్ధం చేసింది. నున్నని తెల్లని గోడలు, అలమరలు లేవు, తెరలు లేవు, పటాలు లేవు, నేల నుండి ఎత్తుగా సంచుల పెట్టెలకు పనసచెక్క పీట, తల కన్న ఎత్తున కొక్కెం, గుమ్మం ప్రక్కన మోచేతితో తిప్పే కుళాయి. తాను చేసిన పనులన్నింటిలో అదే నిర్దుష్టమైనదని ఆనాడు అనుకొన్నదట.

తల్లి ఆ గదిలో నాలుగు రోజులు కూర్చున్నది. "ఆస్పత్రిలాగుంది. ఇందులో కూకుంటే పేనం పోయినట్టుంటాది" అని, కూతురు పలాస వెళ్ళిన వేళ సంచి తెచ్చుకొని అరుగు మీద, కోళ్ళ మధ్య, చెట్టు గాలికి కూర్చొనుట మొదలుపెట్టింది. ఒకనాడు జ్వరం, కడుపునొప్పి, దింపిన ద్రవం కలిగుడులాగ. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి బ్రతికి వచ్చింది.

"తప్పు అమ్మది కాదు మాస్టారూ. నాది" అన్నప్పుడు ఆమె మా వైపు చూడలేదు. మాకు ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ జ్ఞాపకం వచ్చాడు. ఆయన 1940ల చివర లక్సర్ వద్ద మట్టి ఇటుకలతో క్రొత్త గుర్నా అనే అందమైన గ్రామం కట్టాడు. పాత ఊరి సమాధుల మీద ఆధారపడి బ్రతికే జనం అందులోకి రాము పొమ్మన్నారు. ఆ కథ చెప్పాము. ఆమె విని, "ఆయన మా అమ్మను ఎరుగడు గదా" అన్నది. కూతురు ఎరుగును, అందువలననే మరింత బాధ.

ఉర్దూలో సలీఖా అని ఒక మాట ఉన్నది. ఒద్దిక, పొందిక, తీరు - ఈ మూడింటినీ కలిపినా దానికి సరి తూగదు. మా అమ్మ గదిలో ఒక తక్తు, దానిపై తెల్లని దుప్పటి, గోడలో ఒక గూడు. గూటిలో పట్టుగుడ్డ చుట్టిన ఖురాను, ప్రక్కన ఆమె కళ్ళజోడు. మరి ఏమీ లేదు. ఆ గది బోసిగా ఉన్నదని మాకెన్నడూ తోచలేదు. ఈ తల్లికీ గూడే కావలసి వచ్చింది, దీపం పెట్టుకొనుటకు. దీపం పెడితే పొగ, మసి. గూడు పెడితే దుమ్ము. కూతురు ఆలోచించి, అరుగు వైపు గోడను తొలిచి పనసచెక్కతో గూడు కట్టి, గది వైపు దానికి కదలని అద్దం బిగించింది. దీపం అరుగు మీద నుండి వెలిగిస్తారు. వెలుగు మాత్రం గదిలోకి వస్తుంది. ఇది దర్గాలలోని దీపపు గూళ్ళను చూచి చేసినదేమోనని మేము సంబరపడి అడిగాము. "లేదు మాస్టారూ, పలాస స్టేషనులో టిక్కెట్ల కిటికీ" అన్నది.

కూర్చొనే పీటను తిప్పి, తుపానుకు పడక మిగిలిన పనసచెట్టు కిటికీ అద్దంలోంచి కనిపించేటట్లు అమర్చింది. గోడ మీద, తల్లి కోరినట్లు, కడిగినా పోని రంగుతో చుక్కల ముగ్గు వేసింది. దింపిన సంచి వెనుక అచ్చు కాగితం పెట్టి అక్షరాలు కనిపిస్తే ద్రవం తేటగా ఉన్నట్లని ఆసుపత్రిలో చెప్పారట. తల్లికి అక్షరాలు రావు. ఆ ముగ్గును అందుకు వాడుకొనవచ్చునని కనిపెట్టినది ఆమెయే. కూతురు ఊహించనైనా లేదు.

మేము వెళ్ళినప్పుడు సంచి మార్చుకొనే వేళయింది. "బాబూ, నువ్వు అరుగు మీద కూకో. అరగంటలో వచ్చీస్తాను" అని తలుపు వేసుకొన్నది. పంకా చప్పుడు ఆగింది. గూటిలో దీపం అప్పుడే వెలిగించారు. దాని వెనుక అద్దంలో ఆమె రూపు మసకగా కదులుతున్నది. చీకటి పడే వేళకు ఆమె లేచి, రెండు చేతులతో సంచిని గోడకు ఎదురుగా ఎత్తి పట్టి, ఒకప్పుడు గుండ్లను ఏరినట్లు కళ్ళు చిట్లించి చూచింది.

"సుక్కలు అగుపిస్తన్నాయే" అని లోపలి నుండి కేక వేసింది. కూతురు పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టుటకు లేచింది.