తేక్కడి అడవిని కాస్తున్నదెవరు?

మాల వేసుకున్న తెలుగు స్వాముల్లో చాలామంది పళని, మధురై చూసుకుని, కంబం దాటి ఘాటెక్కి, కుమిలి దగ్గర కేరళలో అడుగుపెడతారు. బస్సు దిగగానే యాలకుల వాసన. టీ తాగి, పావుకిలో మిరియాలు కొనుక్కుని మళ్లీ బస్సెక్కేస్తారు. కుమిలిని ఆనుకుని తేక్కడి ఉంది. దాని వెనక 925 చదరపు కిలోమీటర్ల పెరియార్ పులుల అభయారణ్యం. శబరిమల ఉన్నదీ ఈ అడవిలోనే.

1895లో ముల్లపెరియార్ ఆనకట్ట పూర్తయ్యాక లోయలు మునిగి ఇక్కడ పెద్ద జలాశయం ఏర్పడింది. అప్పుడు మునిగిన చెట్ల మోళ్లు నేటికీ నీళ్లలో నిలబడే ఉన్నాయి. 1978లో ఇది పులుల అభయారణ్యమైంది. అయినా దోపిడీ ఆగలేదు. ఇక్కడ వయన అనే అడవి దాల్చిన చెట్టు ఉంటుంది. ముఠాలు రోజుల తరబడి అడవిలో మకాం వేసి దాని బెరడు ఒలిచేవి. బెరడంతా పోతే చెట్టు బతకదు. కేసుల మీద కేసులు పడుతున్నా, తెల్లారితే ఆ మనుషులకు కూడు పెట్టేది ఆ పనే.

1990ల చివర్లో, ప్రపంచ బ్యాంకు సాయంతో వచ్చిన ఎకో డెవలప్‌మెంట్ పథకం కింద, అటవీ అధికారులు వాళ్లలో 23 మందితో ఒప్పందానికి వచ్చారు. దొంగతనం మానితే కేసులు ఎత్తేస్తామన్నారు. కమిటీగా ఏర్పడి పర్యాటకులను అడవిలోకి నడిపించి, గుడారాల్లో ఉంచి, క్షేమంగా తీసుకొచ్చే పని అప్పగించారు. ఆ దారుల్లో వాళ్లు తిరుగుతుంటే కాపలా కూడా దానంతటదే జరుగుతుంది. ఏ మలుపులో ఏ ముఠా దాక్కుంటుందో వాళ్లకన్నా ఎవరికి తెలుసు? నమ్మడానికి అధికారులకెంత ధైర్యం కావాలో, మారడానికి వాళ్లకూ అంతే కావాలి.

అప్పుల సంగతి మాత్రం ఇంకా ముఖ్యమని నా నమ్మకం. అడవి అంచు గూడేల్లో మిరియాల పంట చేతికి రాకముందే వడ్డీ వ్యాపారి పాలయ్యేది. అదే పథకం కింద గూడేల్లో ఏర్పడ్డ కమిటీలు ఆ బాకీలు తీర్చి, పంటను మంచి ధరకు అమ్మే ఏర్పాటు చేశాయి. ఇంట్లో గింజలుంటే ఎవరూ గొడ్డలి పట్టుకుని అర్ధరాత్రి అడవికి పోరు.

2002లో కుమిలి చుట్టుపక్కల ఆడవాళ్లు వసంత సేన పేరుతో ఒక్కటయ్యారు. ఇల్లు చక్కబెట్టుకుని, వంతులవారీగా అడవిలో గస్తీ తిరుగుతారు, గంధపు చెట్లకు కాపు కాస్తారు. దీనికి జీతం లేదు. ఈ అడవి నీళ్లు, గాలి తమ పిల్లలకు కావాలన్నదే వాళ్ల లెక్క. ఎన్ని చట్టాలు చేసినా ఇంతటి కాపలా రాదు.

ఏటా మండల దీక్షా కాలంలో లక్షల మందిమి ఈ అడవిలోకి నడిచి వెళ్తున్నాం. మనం పారేసిన తిండిని ఉప్పు, బెల్లం వాసనకు జంతువులు ప్లాస్టిక్ సంచులతో సహా మింగేస్తున్నాయి. ఒంటి మీది బట్టలు పంబ నదిలో వదిలేయాలని ఆచారమేమీ లేదని ఆలయాన్ని నడిపే దేవస్వం బోర్డే చెబుతోంది. స్వాములూ, ఈసారి ఇరుముడి కట్టేటప్పుడు ప్లాస్టిక్ కవరు ఒక్కటీ పెట్టకండి. పంబలో స్నానం చేశాక బట్టలు పిండుకుని వెంట తెచ్చుకోండి.