జారిపడిన గాయాలు కావు

సింగరేణి బొగ్గు ప్రాంతంలో, ముఖ్యంగా గోదావరిఖని, రామగుండం వంటి చోట్ల వైద్యం చేసేవారిని ఏళ్ల తరబడి కలచివేసే విషయం ఒకటున్నది. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ ఆసుపత్రికి వచ్చి బాత్‌రూములో జారిపడ్డానని చెబుతుంది. వైద్యుడు ఆ మాటనే చీటీలో రాసి, కుట్లు వేసి, ధనుర్వాతం సూది ఇచ్చి పంపివేస్తాడు. ఆమె తిరిగి వెళ్లేది కొట్టిన మనిషి ఉన్న క్వార్టరుకే కనుక, కొన్ని వారాలకు మళ్లీ వస్తుంది, ఈసారి తలుపు తగిలిందంటుంది, ఆ మాట కూడా అలాగే రికార్డులోకి ఎక్కుతుంది.

జారిపడే మనిషి అప్రయత్నంగా చేతులు చాపుతుంది కనుక అరచేతులు, మణికట్లు, మోకాళ్లు ఎక్కువగా దెబ్బతింటాయి. కొట్టినప్పుడు తగిలే గాయాలు ముఖం మీద, మెడ మీద, రొమ్ము మీద, పొట్ట మీద ఉంటాయి. దెబ్బను ఆపుకోవడానికి అడ్డం పెట్టిన ముంజేతి వెలుపలి అంచు కమిలి ఉంటుంది. కొన్ని గాయాలు మానుతూ, కొన్ని పచ్చిగా ఒకే శరీరం మీద కనిపిస్తాయి. చెంపదెబ్బకు చెవిలోని గాలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి కర్ణభేరి, అంటే శబ్దాన్ని అందుకునే పలుచని పొర, చిల్లుపడుతుంది; కుడిచేతి వాటం మనిషి ఎదురుగా నిలబడి కొట్టినప్పుడు ఆ చిల్లు సాధారణంగా ఎడమ చెవికే పడుతుంది. ఇవన్నీ వైద్యవిద్యలో నేర్చుకున్న సంగతులే. తెలిసి ఉండీ 'జారిపడినది' అని రాయడమే బాధ కలిగించే విషయం.

అన్నిటికన్న ప్రమాదకరమైనది గొంతు నులమడం. బయటికి ఒక్క గుర్తు కూడా లేకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, కంటి తెల్లగుడ్డు మీద సూదిమొనంత ఎర్రటి చుక్కలు రావడం వంటి లక్షణాలను వెతికి చూడవలసి ఉంటుంది. మెడలోని రక్తనాళం లోపలి పొర చిరిగితే అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి, గంటల తర్వాతనో రోజుల తర్వాతనో పక్షవాతం రావచ్చు. ఒకసారి గొంతు నులిమిన భర్త చేతిలో ఆ స్త్రీ హతమయ్యే అవకాశం ఆ తర్వాత అనేక రెట్లు పెరుగుతుందని పరిశోధనలు నిర్ధారించాయి. గర్భిణి పొట్ట మీద పడిన దెబ్బకు మాయ గర్భాశయం నుండి ఊడివచ్చి తల్లీబిడ్డలిద్దరి ప్రాణాల మీదికి రావచ్చు. గాయమే లేకుండా వచ్చేవారు మరెందరో ఉన్నారు: తలనొప్పి, నిద్రపట్టకపోవడం, గుండెదడ, కడుపుమంట అంటూ తిరిగే ఆ స్త్రీలకు బిళ్లలు మారుతుంటాయి గాని, ఇంట్లో ఏం జరుగుతున్నదని అడిగేవారుండరు.

ఆమె ఎందుకు దాస్తుందో అర్థం చేసుకోకుండా ఆమెను కోప్పడడం అన్యాయం. రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి సంస్థ ఇక్కడ యజమాని మాత్రమే కాదు. ఇల్లు ఇచ్చేదీ, వైద్యం చేసేదీ అదే. ఆ ఉద్యోగం, ఆ క్వార్టరు, ఆసుపత్రికి రాగల అర్హత అన్నీ భర్త పేరుమీద ఉన్నప్పుడు, "కేసు రాయకండి సారూ, ఆయన నౌకరి పోతది" అనే ఆమె వేడుకోలులో భయంతోపాటు ఇంటి లెక్క కూడా ఉన్నది. పక్క క్వార్టరువాళ్లు అదే బొగ్గు బాయిలో పనిచేసేవాళ్లు, కట్టుకట్టే నర్సమ్మ అదే కాలనీ మనిషి, మంచం పక్కన నిలబడి వైద్యుడి ప్రశ్నలన్నిటికీ తానే జవాబు చెబుతున్నవాడు భర్త. అటువంటి చోట ఆమె నోట నిజం వస్తుందని ఆశించడం ఎంతవరకు న్యాయం? 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18 నుండి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 36.9 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త హింసకు గురైనవారే. దేశం మొత్తం మీద హింసను అనుభవించిన స్త్రీలలో ఎవరినైనా సహాయం అడిగినవారు 14 శాతం మాత్రమే.

భర్త తరఫున వినిపించే సమర్థనలు రెండు. మొదటిది బాయి పని: పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని చోట, దుమ్ములో, వేడిలో పనిచేసి, రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడికి రామగుండం ఎండలో, రెండు గదుల ఇంట్లో, పిల్లల అల్లరి మధ్య పగటి నిద్ర పట్టదు, నిద్ర చాలని మనిషికి చిరాకు హద్దు దాటుతుంది. ఇది నిజమే, దీనికి వైద్యం కావలసిందే; అయినా అది కొట్టడానికి అనుమతి కాదు. సరిహద్దులో ప్రాణాలకు తెగించి పనిచేసి సెలవుకు వచ్చిన సైనికుడు భార్యను కొట్టినప్పుడు కూడా ఇదే మాట చెబుతారు. రెండవది తాగుడు: "తాగితేనే కొడతడు, తాగకుంటే దేవుడసొంటోడు" అని అత్త చెబుతుంది, ఒక్కొక్కసారి భార్యే చెబుతుంది. మద్యం అదుపును సడలిస్తుందన్నది శాస్త్రం. అయితే ఎంత తాగినా అదే మనిషి బాయిలో తన పై అధికారి అయిన ఓవర్‌మన్ మీద చేయి ఎత్తడు, తలుపు మూసుకున్నాక భార్య మీదనే ఎత్తుతాడు. ఎవరిని కొట్టవచ్చునో, ఎవరిని కొట్టకూడదో తెలిసిన మనిషికి అదుపు తప్పిందనడం వైద్యశాస్త్రం ఒప్పుకునే మాట కాదు. మద్యం మాన్పించే చికిత్స చేయవలసిందే, చేయిచేసుకున్నందుకు బాధ్యత కూడా మోపవలసిందే. మొదటిది జరిగిందని రెండవదాన్ని వదిలివేస్తే ఆమెకు మిగిలేది మరొక కుట్టు.

నౌకరి పోతుందనే భయానికి చట్టంలో సమాధానం ఉన్నదని చెప్పేవారే కరువయ్యారు. 2006 అక్టోబరులో అమలులోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టం ప్రధానంగా సివిల్ చట్టం, అంటే భర్తను జైలుకు పంపడం కన్న ముందు భార్యను కాపాడడానికి ఉద్దేశించినది. దాని కింద మెజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇచ్చినంత మాత్రాన అరెస్టు జరగదు. ఆ ఉత్తర్వును ఉల్లంఘిస్తేనే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో నివసించే హక్కును 17వ సెక్షన్ ఆమెకు ఇచ్చింది. భర్త మనోవర్తి చెల్లించకపోతే అతని జీతంలో కొంత భాగాన్ని నేరుగా భార్యకు చెల్లించమని యాజమాన్యాన్నే ఆదేశించే అధికారాన్ని 20వ సెక్షన్ మెజిస్ట్రేటుకు ఇచ్చింది. సైనికుడి జీతం నుండి భార్యాబిడ్డల పోషణకు కోత విధించే ఏర్పాటు 1950 నాటి సైనిక చట్టంలోనే ఉన్నది; గని కార్మికుని భార్యకు కూడా అటువంటి దారి ఉన్నదని ఎంతమందికి తెలుసు?

వైద్యుల బాధ్యతను కూడా ఆ చట్టం కింద 2006లో చేసిన నియమాలు స్పష్టంగా చెప్పాయి. గృహహింస నివేదిక లేదన్న కారణంతో ఆసుపత్రి చికిత్స నిరాకరించరాదు. ఆ నివేదిక అంతకుముందు తయారు కాకపోతే ఆసుపత్రే దానిని నింపి, ఆ చట్టం కింద పనిచేసే రక్షణ అధికారికి పంపాలి. వైద్యపరీక్ష నివేదిక ప్రతిని ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. ఈ మూడు పనులకు పెద్ద ఖర్చు లేదు, కొత్త యంత్రమేదీ అక్కరలేదు. భర్తను, అత్తను బయట కూర్చోబెట్టి, "అమ్మా, ఈ దెబ్బలు ఎవరు కొట్టినవి?" అని మెల్లగా అడిగి, ఆమె చెప్పిన మాటను ఆమె మాటలలోనే రాసి, గాయం ఎక్కడ, ఎంత పొడవు, ఏ రంగు అన్నది బొమ్మ గీసి చూపడం, ఈ రాత్రి ఇంటికి వెళ్లడం క్షేమమేనా అని తెలుసుకోవడం ఏ డ్యూటీ డాక్టరుకైనా సాధ్యమైన పనే. ఆమె చెప్పకపోతే మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అడగాలి; చెప్పలేదని విసుక్కుంటే ఆ తలుపు కూడా ఆమెకు మూసుకుపోతుంది. ముంబైలో బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో 2000లో మొదలైన 'దిలాసా' విభాగం, నగరపాలక సంస్థ ఆసుపత్రిలోనే ఇటువంటి స్త్రీలతో మాట్లాడడానికి ఒక గది, శిక్షణ పొందిన మనుషులు ఉండవచ్చునని నిరూపించింది.

అటువంటి గది ప్రతి గని ఆసుపత్రిలో ఏర్పాటు కావాలి. అది ఏర్పడేదాకా 181 అనే మహిళా సహాయవాణి సంఖ్యను, హింసకు గురైన స్త్రీలకు తోడ్పడే సఖి కేంద్రం చిరునామాను ఆడవారి వార్డులో, మరుగుదొడ్డి తలుపు లోపలివైపున, భర్త కంటపడని చోట అంటించి ఉంచాలి. వైద్యులు ఈరోజు నుండే 'జారిపడినది' అని రాసే ముందు ఒక్క ప్రశ్న అడగాలి.