గల్తీ ఆపాది కాదు

ఆదివారం జొహర్ నమాజ్ అయ్యాక పెదకూరపాడులో ఆపా వాళ్లింటికి వెళ్లాను. ఆపా వరండాలో కూర్చుని మిరపకాయల్లో తాలు ఏరుతోంది. ఎదురుగా చాపమీద మా భాంజీ తెల్ల కాగజ్‌లు పరిచింది. అన్నీ సెల్‌ఫోన్ సైజుకి కత్తిరించినవే. వాటిమీద పెన్సిల్‌తో గళ్లు, బటన్లు గీసింది.

భాంజీ గుంటూరులో బీటెక్ చదువుతోంది. ఈ ఏడు వాళ్లకు డిజైన్ క్లాసు ఉంది. స్కాలర్‌షిప్‌కి కావాల్సిన కాగజాత్ పిల్లలు సర్దుకోవడానికి నలుగురు దోస్తులు కలిసి ఒక యాప్ తయారు చేస్తున్నారు. కోడ్ రాయకముందు ఇలా కాగితంమీద నమూనా గీసి జనంతో వాడించి చూడాలట. దాన్నే ప్రోటోటైప్ అంటారు. మనం బటన్ మీద వేలు పెడితే తను ఆ కాగజ్ తీసేసి తర్వాతిది పెడుతుంది. "కంప్యూటర్ నేనే మామూ" అని నవ్వింది.

ఎంతమందితో చూడాలి అని అడిగాను. ఈ విద్యలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లో ఒక లెక్క చెప్పాడట. ఐదుగురితో వాడిస్తే చాలు, సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని. హాస్టల్లో ఐదుగురితో వాడించింది, అందరూ గబగబా పూర్తి చేశారు. కానీ ఆ లెక్కకు ఒక షరతు ఉంది. వాడేవాళ్లు వేరువేరు రకాలైతే ఒక్కో రకంలోనూ కొందరితో చూడాలి. "ఐదుగురూ ఒకే రకం కదా, ఇంట్లో అమ్మలతో చూశారా?" అని క్లాసులో అడిగారట. అందుకే ఊరికొచ్చింది.

"నాతో ఎందుకు బేటీ, నేను ఏడు దాకా చదివినదాన్ని. నీ మార్కులు పోతాయి" అంది ఆపా.

"ఇమ్తెహాన్ నీకు కాదు అమ్మీ, నా కాగజ్‌కి. మనసులో ఏం అనుకుంటున్నావో పైకి చెబుతూ ఉండు, చాలు. మామూ, మీరు మధ్యలో అందించకండి."

మొదటి కాగజ్ దగ్గరే ఆగింది. కింద రెండు బాణాలున్నాయి. ముందుకు వెళ్లమంటే ఆపా ఎడమవైపు బాణం నొక్కింది. నాలాగే ఉర్దూ మీడియంలో చదివింది. కుడి నుంచి ఎడమకు చదివేవాళ్లకు ముందుకంటే ఎడమవైపే కదా! భాంజీ ఏమీ అనకుండా నోట్‌బుక్‌లో రాసుకుంది.

తర్వాత పేరు రాసే చోటు. రెండు గళ్లు. ఒకటి ఇంటిపేరు, రెండోది పేరు. పదో తరగతి చదివే కొడుకు పేరు రాయబోయి ఆపా పెన్సిల్ ఆపేసింది. "షేక్ అనేది ఇంటిపేరా బేటీ? బడిలో ఎస్‌కే అని చుక్క పెట్టారు. ఆధార్‌లో మొత్తం షేక్ అని ఉంది. ఏది రాయను?"

బడిలో ఉన్నట్టే రాసింది. భాంజీ ఎర్ర అక్షరాల కాగజ్ పెట్టింది: "వివరాలు సరిపోలలేదు."

ఆపా చెయ్యి వెనక్కి తీసుకుంది. "చూశావా, గల్తీ చేశాను. నాకు రాదని చెప్పానా?"

నాకు గుండె కలుక్కుమంది. ఉర్దూ మీడియం నుంచి వచ్చి తెలుగులో డిగ్రీ చేరిన ఏడు, నా ఫీజు రాయితీ దరఖాస్తు ఇలాగే తిరిగొచ్చింది. పదో తరగతి మెమోలో ఎస్‌కే, ఆదాయం సర్టిఫికెట్‌లో షేక్. "నీ పేరు నీకే సరిగ్గా తెలీదా?" అన్నారు కౌంటర్ దగ్గర. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ ఏడు ఫీజు అబ్బా అప్పు తెచ్చి కట్టారు. నాకు తెలుగు సరిగ్గా రాకపోవడం వల్లే అలా జరిగిందని చాలా ఏళ్లు నమ్మాను. లోపం ఆ ఫారంలో ఉందని ఒక్కరూ చెప్పలేదు.

భాంజీ చెప్పింది. "గల్తీ నీది కాదు అమ్మీ, నాది. హాస్టల్లో అందరికీ రవి కుమార్ అని ఒకే పేరు ఇచ్చి నింపమన్నాను. నా పేరు ముందూ షేక్ ఉంది. నాకే గుర్తు రాలేదు."

సాయంత్రానికి కొత్త కాగజ్‌లు గీసింది. బాణాల పక్కన 'ముందుకు', 'వెనక్కి' అని రాసింది. రెండు గళ్లు పోయి ఒకే గడి వచ్చింది: పూర్తి పేరు, సర్టిఫికెట్‌లో ఉన్నట్టే. దానికింద ఆధార్‌లో ఎలా ఉందో రాయడానికి ఇంకో గడి. తేడా ఉంటే ఎర్ర అక్షరాలు రావు. "రెండు చోట్లా స్పెల్లింగ్ వేరుగా ఉంది, దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి" అని వస్తుంది. కాగితం కాబట్టి మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఈ యాప్ క్లాసు దాటి ఎవరి ఫోన్‌లోకైనా వస్తుందో రాదో, అల్లాహ్‌కే ఎరుక. వచ్చినా కౌంటర్ అవతలివాళ్లను అది మార్చలేదు. కానీ ఆ రాత్రి ఆపా ట్రంకుపెట్టె తెరిచి కొడుకు ఆధార్ కార్డు బయటికి తీసింది. తెల్లారి బడికి వెళ్లి రికార్డులో పేరు చూపించమని అడుగుతానంది.

మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే మీరూ ఆ పని చేయండి. నామినల్ రోల్స్ వెళ్లకముందే ఎస్‌కేనా, షేకా, చుక్క ఉందా లేదా చూసుకోండి. తేడా కనిపిస్తే పిల్లల్ని మాత్రం తిట్టకండి.