పండుగ పార్సెళ్లూ, నెలరోజుల కూలీలూ

మన సాహిత్యంలో పండుగలకు కొదవ లేదు. గొబ్బెమ్మలనూ బతుకమ్మ పూలనూ వర్ణించిన వారు కోకొల్లలు. కాని ఆ రోజుల్లోనే యింటింటికీ చేరే పార్సెళ్ల వెనుక శ్రమను గురించి మన కథకులు అంతగా కలం కదిపినట్టు నాకు కనిపించదు.

యీ వ్యాపారంలో చిక్కు ఒకటున్నది. పండుగ నెల సరుకుకు సరిపడా గోదాములూ బండ్లూ మనుషులనూ యేడాది పొడుగునా వుంచుకుంటే నష్టం, వుంచకపోతే అపకీర్తి. అమెరికాలో యూపీఎస్ కంపెనీ రెండూ చవిచూసింది. 2013 క్రిస్మస్‌కు అంచనాలను మించి ఆర్డర్లు రావడం, వాతావరణం కూడా బాగుండకపోవడంతో యెన్నో పార్సెళ్లు పండుగ దాటాకే చేరాయి. 2014లో భారీగా తాత్కాలికులను తీసుకుంటే, తీరా యేర్పాట్లు అవసరాన్ని మించి ఖర్చు తడిసి మోపెడయింది. 2017 నుంచి పండుగ రోజులకు అదనపు రుసుము వేయసాగింది.

అయితే రద్దీ ఆకాశం నుంచి వూడిపడుతుందా? తగ్గింపు ధరలతో దాన్ని పెంచేది వ్యాపారులే కదా! ఫ్లిప్‌కార్ట్ 2014 అక్టోబరు 6న ఒక్కరోజు అమ్మకం పెట్టి, తట్టుకోలేక క్షమాపణ చెప్పుకున్నది. మరుసటి యేడు దాన్ని అయిదు రోజులకు పరచింది. 2025 పండుగలకు అమెజాన్ మన దేశంలో లక్షా యాభై వేల తాత్కాలిక పని "అవకాశాలు" ప్రకటించింది. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక యీ మాట దగ్గర ఆగుతున్నాను. పని అని వూరుకోవచ్చు; అవకాశమనడంతో యిచ్చేవాడు దాత అయిపోయాడు.

మా కళాశాలలో డిగ్రీ రెండో సంవత్సరం కుర్రవాడొకడు హైదరాబాదు శివారు గోదాములో రాత్రి పనికి కుదిరాడు. పిన్‌కోడ్ ప్రకారం పార్సెళ్లను విడదీసి సంచుల్లో వేయాలి. ఆ ఆరంకెల సంఖ్య 1972లో మన తపాలా శాఖ తెచ్చినది. మొదటి అంకె 5 అయితే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలది. ప్రజల వుత్తరాల కోసం ప్రభుత్వం వేసిన బాట మీదనే నేటి ప్రైవేటు బండ్లు నడుస్తున్నాయి. యీ సంగతి మనం తరచు మరచిపోతాం.

"బతుకమ్మకు యింటికి వెళ్లావా?" అని అడిగాను.

"లేదు సార్. ఆ రోజులల్ల సెలవడిగితే మళ్ల రావద్దంటరు."

దీపావళి దాటగానే, అతడు అడగకుండానే, రావద్దన్నారు.

యిప్పుడు హాజరు జాబితా నా బల్ల మీద వున్నది. పరీక్షకు కూర్చోవాలంటే డెబ్బయి అయిదు శాతం వుండాలి. అతనికి పందొమ్మిది రోజులు తక్కువ. కారణం గడిలో జ్వరమని రాస్తే యెవరూ అడగరు. నేను "రాత్రి కూలి" అని రాసి ప్రిన్సిపాలు గారికి పంపుతున్నాను.